కొలనోస్కోపీ భద్రంగా నేర్పడం ఎలా: డెల్టా ఊళ్ల ఆసుపత్రుల్లో శిక్షణ ఇచ్చే సీనియర్లకు

కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, భీమవరం, అమలాపురం. ఈ ఊళ్లలో కొలనోస్కోపీ (స్కోప్ అనే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసే గది ఉండటం ఇప్పుడు పెద్ద వింతేమీ కాదు. డబ్బు సమకూరితే యంత్రం నెలలో దిగుతుంది. దాన్ని భద్రంగా నడిపే చేతిని తయారు చేయడానికి మాత్రం నెలలూ ఏళ్లూ పడతాయి, ఆ బాధ్యత మీలాంటి సీనియర్ల మీదే ఉంటుంది. మీ దగ్గరికి జనరల్ సర్జనో, ఫిజీషియనో, గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం చదువుతున్న జూనియరో నేర్చుకోవడానికి వస్తే ఏ వరసలో నేర్పాలో ఇక్కడ రాస్తున్నాను. ఆ వరస గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. చూడటం, ఆగడం, వెనక్కి లాగడం ముందు నేర్పాలి. లోపలికి తోయడం ఆ తర్వాతే.

బ్రిటన్‌లో శిక్షణ పొందిన నర్సులు, ఇతర ఆరోగ్య నిపుణులు కూడా స్వయంగా కొలనోస్కోపీ చేస్తారు. వాళ్లని క్లినికల్ ఎండోస్కోపిస్టులు అంటారు. మన జిల్లాల నుంచి అక్కడికి ఉద్యోగాలకి వెళ్లిన సిస్టర్లకి కూడా ఆ దారి ఉంది. ఇక్కడ స్కోప్ పట్టుకునేది డాక్టరే. కానీ అక్కడి పద్ధతిలో మనం తీసుకోవాల్సింది ఒకటుంది. పేరు పక్కన ఏ డిగ్రీ ఉందన్నది అక్కడ చూడరు. ఒక్కో మెట్టు దగ్గరా సీనియర్ పక్కన నిలబడి, చూసి, కాగితం మీద రాసి, సంతకం పెడితేనే తర్వాతి మెట్టు. సర్జన్ కాబట్టి ఇది కూడా వచ్చేస్తుందిలే అనుకోవడం మన దగ్గర మామూలు. అలా అనుకోకండి. కత్తి పట్టిన చేతికి కూడా స్కోప్ కొత్తే.

గది, జట్టు

జూనియర్ చేతికి స్కోప్ ఇచ్చే రోజున గదిలో ఏముండాలో ముందే రాసి గోడకి అంటించండి. ఆక్సిజన్, సక్షన్, పల్స్ ఆక్సీమీటర్, బీపీ మానిటర్, అత్యవసర మందుల ట్రే. మత్తుకి మిడజోలం వాడుతుంటే దానికి విరుగుడు ఫ్లూమజెనిల్, ఫెంటనిల్ లాంటి మందు వాడుతుంటే నలోక్సోన్ చేతికందే చోట ఉండాలి, స్టోర్ రూమ్ బీరువాలో కాదు. ప్రొపోఫాల్ ఇవ్వాలంటే మత్తు డాక్టరు గదిలో ఉండి తీరాలి. స్కోప్ పట్టుకున్న మనిషి, మత్తు చూసుకునే మనిషి ఒక్కరే కాకూడదు.

పేగుకి చిల్లు పడితే ఆ రాత్రికే ఆపరేషన్ చేయగల సర్జన్ ఎవరు, ఊళ్లో ఉన్నారా, ఫోన్ ఎత్తుతారా అన్నది ఆ రోజు కేసుల లిస్ట్ మొదలుపెట్టే ముందే తేల్చుకోండి. ఆ రోజు ఆయన పెళ్లికి వెళ్లారని తెలిస్తే శిక్షణ ఇంకో రోజుకి మార్చండి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. తుఫాను గాలి లేచిందంటే మన ఊళ్లలో ఎప్పుడు పోతుందో తెలీదు. ప్రాసెసర్‌కీ, లైటుకీ, కరెంటుతో కోసే డయాథర్మీకీ యూపీఎస్ ఉండాలి. ఉన్నా కూడా ఒక్కసారైనా కావాలని తెర ఆపేసి, అప్పుడు ఏం చేయాలో మోడల్ మీద జూనియర్ చేత చేయించండి. చేయి కదపకూడదు. స్కోప్ కొసని తిప్పే నాబ్‌ల లాక్ వదిలేయాలి. గాలి కొట్టడం ఆపాలి. బొమ్మ తిరిగి రాకపోతే నాబ్‌లు వదులుగా ఉంచి, స్కోప్‌ని నిదానంగా బయటికి లాగేయాలి. చీకట్లో ముందుకి ఒక్క సెంటీమీటరు కూడా తోయకూడదు.

పేగు శుభ్రం: ఇక్కడే సగం భద్రత

దీన్ని సిస్టర్ పని అని జూనియర్లు వదిలేస్తారు. మొదటి నెలంతా ప్రతి రోగికీ పేగు శుభ్రం చేసుకునే పద్ధతి వాళ్ల చేతే చెప్పించండి. పేగు మురికిగా ఉంటే దారి కనబడదు. దారి కనబడనివాడు తోస్తాడు. తోస్తేనే ప్రమాదం. పైగా ఉన్న పాలిప్ (పేగు గోడ మీద పెరిగే బుడిపె) కనబడకుండా పోతుంది.

మన తిండి మన పద్ధతిలోనే చెప్పాలి. పీచు తగ్గించండి అంటే ఎవరికీ అర్థం కాదు. రెండు మూడు రోజుల ముందు నుంచి గోంగూర, తోటకూర, బెండకాయ, వంకాయ, పనసపొట్టు, జామకాయ, దానిమ్మ, నువ్వులు వద్దనాలి. పోపు గింజలు వద్దని విడిగా చెప్పాలి. ఎందుకంటే కూర మానేసినా చారులో పోపు మానరు. ఆవాలు, జీలకర్ర పేగులో అలాగే ఉండిపోయి సక్షన్ దారిలో ఇరుక్కుంటాయి. ఆవ పెట్టిన కూర తిని వచ్చిన మనిషికి కొలనోస్కోపీ చేస్తూ, సక్షన్ రెండు నిమిషాలకోసారి మూసుకుపోతుంటే జూనియర్ మొహం చూడండి, పాఠం ఇంక చెప్పక్కర్లేదు. ముందు రోజు తెల్లన్నం, ఇడ్లీ, వడగట్టిన చారు, మజ్జిగ. మందు తాగడం మొదలుపెట్టాక ఇంక తేటగా ఉన్న నీళ్లే, మజ్జిగ కూడా ఆపేయాలి. కోనసీమలో కొబ్బరి నీళ్లకి లోటు లేదు కాబట్టి అందరూ అవే తాగుతామంటారు. తాగొచ్చు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, పొటాషియం పెంచే బీపీ మందులు వాడేవాళ్లకీ వద్దని చెప్పాలి, వాటిలో పొటాషియం ఎక్కువ. ఎర్ర షర్బత్ ఎవరికీ వద్దు, లోపల రక్తమేమో అని మనల్ని తికమక పెడుతుంది. బలానికని వేసుకునే ఐరన్ మాత్రలు వారం ముందే ఆపించండి, లేకపోతే పేగు గోడకి నల్లగా అంటుకుని ఉంటుంది.

మందు మొత్తం ముందు రాత్రే తాగించేయడం పాత అలవాటు. రెండు భాగాలుగా తాగిస్తే పేగు బాగా శుభ్రపడుతుంది. రెండో భాగం పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించాలి. ఇదంతా బాగానే ఉంటుంది, రోగి మన వీధిలోనే ఉంటే. లంక గ్రామం నుంచి పంటు మీద ఏరు దాటి, ఆటో ఎక్కి, బస్సు మారి వచ్చే పెద్దాయన తెల్లారుజామున మందు తాగి ఆ ప్రయాణం ఎలా చేస్తాడు? మొహమాటానికి సరేనని, దారిలో ఇబ్బందవుతుందని రెండో భాగం తాగకుండానే వస్తాడు. తాగానని చెబుతాడు. అందుకే చీటీ రాసే ముందు ఏ ఊరు, ఎలా వస్తారు అని అడగడం జూనియర్‌కి అలవాటు చేయండి. దూరం వాళ్లని ముందు రాత్రే ఆసుపత్రిలో చేర్చుకోండి, లేదా ఊళ్లో చుట్టాలింట్లో దిగమనండి. ఉదయమే బయల్దేరి రాగలిగినవాళ్లకైతే మధ్యాహ్నం లిస్టులో పేరు వేసి, రెండో భాగం ఆసుపత్రికి వచ్చాకే తాగించండి. గోదావరికి వరద వచ్చే రోజుల్లో అత్యవసరం కాని లంక కేసులు వాయిదా వేయడమే మంచిది. పరీక్ష అయ్యాక రాత్రి కడుపునొప్పి వస్తే ఆ మనిషి తిరిగి రాలేడు.

పాలిథిలిన్ గ్లైకాల్ పొడే మేలు. సోడియం ఫాస్ఫేట్ కిడ్నీలని దెబ్బతీయొచ్చు. మానిటాల్ పేగులో పులిసి మండే వాయువు పుట్టిస్తుంది, కరెంటు స్నేర్ (పాలిప్‌కి ఉచ్చు వేసి కోసే తీగ) వాడితే పేలుడు జరిగిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. వేసవి ఉక్కలో పెద్దవాళ్లు త్వరగా నీరసించిపోతారు, ఓఆర్ఎస్ కూడా రాసివ్వండి.

పేగు ఎంత శుభ్రంగా ఉందో 2009లో వచ్చిన బోస్టన్ స్కోరుతో రాయించండి. కుడి, మధ్య, ఎడమ అని పేగుని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 6 రావాలి, ఏ భాగంలోనూ 2కి తగ్గకూడదు. తగ్గితే “పేగు నార్మల్” అని రిపోర్టు రాయనివ్వకండి.

మందుల గురించి అడిగే ప్రశ్నలు

జూనియర్ తన నోటితో అడిగి, తన చేత్తో రాయాలి. షుగరు మందులు, ఇన్సులిన్ ఏ పూట ఎంత తగ్గించాలి. గుండె స్టెంట్ ఉందా, ఉంటే ఎప్పుడు వేశారు. రక్తం పలచబడే మాత్రలు ఏవి. ఆస్పిరిన్ మామూలుగా ఆపక్కర్లేదు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి పాలిప్ తీసే అవకాశం ఉంటే ఆపాల్సి రావొచ్చు కానీ, గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఎవరూ ఆపకూడదు. మన ఊళ్లలో చాలామందికి మాత్రల పేర్లు తెలీవు. “గుండెకి ఒకటి, బీపీకి ఒకటండి, ఆయ్” అంటారు. మాత్రల అట్టలు సంచీలో వేసుకుని రమ్మనండి.

ఎవరి మీద నేర్పాలి, ఎవరి మీద వద్దు

నేర్చుకునే చేతికి కేసు ఎంచి ఇవ్వడం మీ పని. ఆంధ్రలో గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్లు ఎక్కువ, చిన్న వయసులోనే చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఆపరేషన్ తర్వాత పొత్తికడుపులో అతుకులు పడి సిగ్మాయిడ్ (పురీషనాళానికి పైన మెలిక తిరిగే పేగు) కదలకుండా బిగుసుకుపోవచ్చు. పైగా మనిషి సన్నగా ఉంటే అనుభవం ఉన్న చేతికే కష్టం. అలాంటి కేసులో లోపలికి వెళ్లడం మీరే చేయండి, జూనియర్‌ని చూడమనండి. పేగు బాగా వాచి పుండ్లు పడి ఉన్నవాళ్లు, మరీ పెద్దవయసు వాళ్లు, మూసుకుపోయే లక్షణాలున్నవాళ్లు శిక్షణకి తగరు.

రోగికి కూడా నిజం చెప్పాలి. “మా జూనియర్ డాక్టరుగారు చేస్తారు, నేను పక్కనే ఉంటాను, అవసరమైతే నేనే తీసుకుంటాను” అని మీ నోటితో చెప్పి, తెలుగులో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. వద్దంటే వద్దంతే, మొహం చిట్లించకూడదు. ప్రమాదాలు చెప్పేటప్పుడు చిల్లు, రక్తస్రావం, మత్తు వల్ల ఊపిరి తగ్గడంతో పాటు, చిన్న పాలిప్‌లు కనబడకుండా పోయే అవకాశం ఉందని కూడా చెప్పించండి. బ్రిటన్ ప్రమాణం ప్రకారం చిల్లు పడటం వెయ్యి పరీక్షలకి ఒకటికి లోపే ఉండాలి. మీ గదిలో ఆ లెక్క ఎవరైనా రాస్తున్నారా?

చేతికి ముందు మాట

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ముందే తేల్చుకోకపోతే గదిలో గొడవ మొదలవుతుంది. సీనియర్ “తిప్పు” అంటాడు. ఏది తిప్పాలి? పెద్ద నాబ్‌నా, చిన్న నాబ్‌నా, స్కోప్ గొట్టాన్నా? ఎటు? జూనియర్ ఒకటి తిప్పుతాడు, సీనియర్ గొంతు పెంచుతాడు, బల్ల మీద మనిషికి టెన్షన్. కేసు మొదలుపెట్టక ముందే మాటలు ఖాయం చేసుకోండి. మా దగ్గర వాడే మాటలు ఇవి: “కొస పైకి”, “కొస కిందికి” అంటే పెద్ద నాబ్. “గొట్టం కుడికి”, “గొట్టం ఎడమకి” అంటే కుడి చేత్తో స్కోప్‌ని మెలితిప్పడం. “లాగు”, “గాలి తియ్యి”, “ఆగు”. “ఆగు” అన్నప్పుడు రెండు చేతులూ ఆగాలి, ఎందుకు అని అడగడం తర్వాత. “ఆగు” అనే హక్కు సిస్టర్‌కీ, టెక్నీషియన్‌కీ కూడా ఉంది. రోగి మొహం చూస్తున్నది వాళ్లే. ఇంత పెద్ద డాక్టరుకి మేం చెప్పడమేంటి అని వాళ్లు వెనకాడతారు, అందుకే అందరి ముందూ మీరే చెప్పాలి.

ఆ తర్వాత మోడల్ మీద. ఖరీదైన సిమ్యులేటర్ లేకపోయినా రబ్బరు మోడల్ చాలు. ఎడమ బొటనవేలు ఒక్కదానితోనే నాబ్‌లు తిప్పడం, కుడి చేయి గొట్టాన్ని వదలకుండా ఉండటం, వేళ్ల చివర్లతో తేలిగ్గా పట్టుకోవడం, తెర వైపే చూస్తూ సక్షన్, గాలి, నీళ్ల బటన్లు వెతుక్కోకుండా నొక్కడం. ఇవి కుదిరే దాకా మనిషి దగ్గరికి రానివ్వకండి.

వెనక్కి రావడంతో మొదలు

ఇక అసలు పని. మొదట్లో సీకమ్ దాకా, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటి దాకా, మీరు వెళ్లండి. అక్కడ స్కోప్‌ని జూనియర్ చేతికివ్వండి. వెనక్కి లాగుతూ రావడం అతని పని. లూప్ లేని, అంటే లోపల చుట్ట తిరగని స్కోప్ వెనక్కి వస్తున్నప్పుడు చిల్లు పడే భయం చాలా తక్కువ, రోగికి నొప్పీ తక్కువే. కొలనోస్కోపీ చేసేది పేగు గోడని చూడటానికి, ఆ చూపు దొరికేది వెనక్కి వచ్చేటప్పుడే. పైగా కొసని ఎక్కడ కావాలంటే అక్కడికి తిప్పే చేతివాటం కూడా అప్పుడే అబ్బుతుంది. అది వచ్చినవాడికి లోపలికి వెళ్లడం సగం వచ్చినట్టే.

ముందు సీకమ్ నిజంగా సీకమేనా అని రుజువు చూపించమనండి. అపెండిక్స్ ద్వారం, చిన్నపేగు వచ్చి కలిసే వాల్వ్, రెండిటికీ ఫొటో. ఫొటో లేకపోతే చేరనట్టే లెక్క. తర్వాత వాల్వ్ గుండా చిన్నపేగు చివరి భాగంలోకి కూడా వెళ్లడం నేర్పండి. మన దేశంలో పేగు క్షయ ఎక్కువగా కూర్చునేది అక్కడే. వాల్వ్ నోరు తెరుచుకుని ఉండటం, అడ్డంగా సాగిన పుండ్లు కనిపిస్తే క్షయా, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బా తేల్చడానికి సరిపడా బయాప్సీలు తీసి, క్షయ పరీక్షలకి కూడా పంపాలి. ఒకటే ముక్క తీసి ఊరుకుంటే రిపోర్టు ఎటూ తేలదు, ఆ మనిషి మళ్లీ మందు తాగి మళ్లీ పంటు దాటి రావాలి.

వెనక్కి వచ్చే సమయం గడియారం పెట్టి చూడండి. సగటున 6 నిమిషాలు, అంతకంటే ఎక్కువ తీసుకున్న డాక్టర్లు తొందరగా లాగేసినవాళ్ల కంటే ఎక్కువ పాలిప్‌లు కనిపెట్టారని 2006లో అమెరికా అధ్యయనం చూపించింది. అక్కడి తాజా ప్రమాణం 8 నిమిషాలు. బయాప్సీ, పాలిప్ తీసే సమయం ఇందులో కలపకూడదు. సమయం పట్టినంత మాత్రాన చూసినట్టు కాదు, ప్రతి మడత వెనకా కొస పెట్టి చూశాడా లేదా తెర మీద మీకు కనిపిస్తూనే ఉంటుంది. మడత దాటేస్తే “ఆగు” అనండి, మళ్లీ పైకి వెళ్లి చూడమనండి. కుడి భాగాన్ని రెండోసారి చూడటం అలవాటు చేయండి. మురికి నీళ్లు నిలిచిన చోట కడగాలి, పీల్చాలి, అవసరమైతే మనిషిని పక్కకి తిప్పాలి. చివర్లో పురీషనాళం. అక్కడ చోటు చాలకపోతే కొస వెనక్కి తిప్పే ప్రయత్నం చేయనివ్వకండి.

పరీక్ష మొదట్లో వేలితో చూడటం గురించి ఇక్కడే చెప్తున్నాను, దాన్ని దాటేసే జూనియర్లు ఎక్కువ. రక్తం పడుతోందని వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో మొలల మందు వాడి వస్తారు. మొలలు కనిపించినా సరే, రక్తానికి కారణం అదేనని పైన చూడకుండా రాయకూడదు. మొలలూ క్యాన్సరూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

లోపలికి వెళ్లడం

వెనక్కి రావడం నమ్మకంగా చేస్తున్నాడనిపించాకే ఇది. ఒకేసారి మొత్తం ఇవ్వకండి. ముందు పురీషనాళం నుంచి సిగ్మాయిడ్ దాటేవరకు. అది కుదిరాక ఎడమ మలుపు, తర్వాత మిగతాది.

జూనియర్‌కి మొట్టమొదట పోవాల్సిన భ్రమ ఏంటంటే, తోస్తే ముందుకి వెళ్తుందని. పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. స్కోప్ నిటారుగా ఉండి సీకమ్ చేరితే మాత్రం గొట్టం మీద గుర్తు 70, 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మిగతా పేగంతా ఏమైంది? లంగాకి బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చులు కుచ్చులుగా పిన్నీసు మీదికి వచ్చినట్టు, పేగు స్కోప్ మీదికి వచ్చి చేరింది. పిన్నీసుని బలంగా పొడిస్తే గుడ్డ చిరుగుతుంది, కొంచెం తోసి కుచ్చు వెనక్కి లాగితేనే ముందుకి నడుస్తుంది. స్కోప్ కూడా అంతే.

సిగ్మాయిడ్‌లో గాలి వీలైనంత తక్కువ. గాలి కొడితే పేగు సాగి పొడవవుతుంది, మలుపులు ఇంకా ముడుచుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ వాడే వీలుంటే అదే వాడండి, త్వరగా రక్తంలో కలిసిపోతుంది, తర్వాత కడుపు ఉబ్బరం తక్కువ. లేకపోతే నీళ్లు నింపుకుంటూ వెళ్లడం నేర్పండి.

లూప్ పడిందని ఎలా తెలుస్తుందో చెప్పించండి. చేతిలో గొట్టం లోపలికి వెళ్తోంది, తెర మీద బొమ్మ కదలడం లేదు, లేదా వెనక్కి పోతోంది. నాబ్‌లు బరువెక్కుతాయి. రోగి మూలుగుతాడు. ఎడమ మలుపు స్కోప్ నిటారుగా ఉంటే 50 సెంటీమీటర్ల దగ్గర రావాలి. 80 దాటినా ఇంకా అక్కడే ఉన్నామంటే మిగతా 30 కడుపులో చుట్టుకుని ఉంది. అప్పుడు చేయాల్సింది గాలి తీసి, సాధారణంగా గొట్టాన్ని కుడికి మెలితిప్పుతూ, నిదానంగా వెనక్కి లాగడం. గొట్టం వెనక్కి వస్తుంటే కొస తనంతట తను ముందుకి వెళ్లే క్షణం ఒకటి వస్తుంది. జూనియర్ చేతికి అది ఒక్కసారి తెలిసిందంటే ఇంక మర్చిపోడు. నిటారు అయ్యాకే సిస్టర్‌ని ఎడమ పొత్తికడుపు మీద చేయి పెట్టమనాలి. లూప్ ఉండగా నొక్కితే నొప్పి తప్ప లాభం లేదు. అక్కడా ఆగిపోతే మనిషిని వెల్లకిలా తిప్పి చూడాలి. తిప్పడానికి బద్ధకించి తోసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది తెచ్చుకుంటారు.

రెండు రంగులు బాగా బుర్రకెక్కించండి. తెరంతా ఎర్రబడితే కొస గోడకి ఆనుకుంది, దారి కనబడే దాకా వెనక్కి రావాలి. గోడ తెల్లబడి, రక్తనాళాల గీతలు మాయమైతే పేగు చిరిగే దాకా సాగుతోందని అర్థం, ఆ క్షణం తోయడం ఆపాలి. కొస కాకుండా గొట్టం మధ్య భాగమే సాగిన లూప్‌తో సిగ్మాయిడ్‌ని చీల్చే ప్రమాదం కూడా ఉంది, అది తెర మీద కనబడదు. చేతికి తగిలే బిగువు, రోగి నొప్పి మాత్రమే చెబుతాయి. అందుకే మత్తు మరీ ఎక్కువ ఇచ్చి నేర్పడం నాకిష్టం ఉండదు. “ఇంకెంతసేపండీ డాక్టరుగారూ” అని అడగగలిగే మనిషి దగ్గర జూనియర్ చేయి తేలిగ్గా ఉండటం నేర్చుకుంటుంది. నొప్పి వస్తే చెప్పండి, గాలి వస్తే వదిలేయండి, సిగ్గుపడకండి అని ముందే చెప్పాలి. మన ఆడవాళ్లు నొప్పి ఓర్చుకుంటారు తప్ప పైకి చెప్పరు. వాళ్ల మొహం, పిడికిలి, నాడి చూడమనండి. నాడి ఉన్నట్టుండి నెమ్మదించి చెమటలు పడితే లూప్ తీసి, గాలి పీల్చి, కాళ్లు ఎత్తిపెట్టి, సెలైన్ వదిలి, నాడి వేగం పెంచే అట్రోపిన్ సిద్ధం చేసుకోవాలి.

ఎప్పుడు మీ చేతిలోకి తీసుకోవాలి

కేసు మొదలయ్యే ముందే ఒప్పందం చేసుకోండి, అప్పుడు అవమానం అనిపించదు. నొప్పి తగ్గకపోతే, గోడ తెల్లబడితే, దారి కనబడకుండా తోస్తే వెంటనే. ప్రమాదమేమీ లేకుండా ఒకే చోట ఐదు నిమిషాలు ఆగిపోతే, ఇప్పుడు ఏం జరుగుతోందని అడగండి. చెప్పగలిగితే ఇంకో ప్రయత్నం ఇవ్వండి. చెప్పలేకపోతే మీరు తీసుకుని, దాటించి, ఏం చేశారో నోటితో చెబుతూ మళ్లీ ఇచ్చేయండి. మీరు మౌనంగా దాటించేస్తే అతనికి వచ్చేదేమీ లేదు. మీకే కుదరకపోతే ఆపేయండి. సీనియర్ “ఇంక చాలు, సీటీ చేయిద్దాం” అని పరువు గురించి ఆలోచించకుండా ఆపడం జూనియర్ చూడాలి.

మాటలు రోగి ముందు వద్దు. స్కోప్ బయటికి వచ్చాక, పక్క గదిలో, ముందు అతన్నే అడగండి: ఏది బాగా కుదిరింది, ఏది కుదరలేదు. తర్వాతి కేసులో మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పండి. పది చెబితే ఒక్కటీ నిలవదు. ఆ ఒక్కటీ తేదీతో సహా లాగ్‌బుక్‌లో రాయించండి.

పాలిప్ తీయడం

ఇది వేరే శిక్షణ. సీకమ్ చేరడం వచ్చింది కదా అని స్నేర్ చేతికివ్వకండి. 9 మిల్లీమీటర్ల దాకా ఉన్న చిన్న పాలిప్‌లకి కరెంటు లేని స్నేరే మేలని యూరప్ మార్గదర్శకాలు 2017 నుంచి చెబుతున్నాయి. కరెంటు లేకపోతే గోడ లోతుగా కాలదు, ఆలస్యంగా వచ్చే రక్తస్రావం తక్కువ. చుట్టూ కొంచెం మామూలు పొర కూడా కలిపి పట్టుకోవడం, ముక్క పీల్చి సీసాలో వేయడం నేర్పండి. అంతకంటే పెద్దవీ, చదునుగా ఉన్నవీ, అనుమానంగా ఉన్నవీ ఫొటో తీసి, బాగా చేసే చోటికి పంపాలి. సగం తీసి పంపితే అక్కడివాళ్లకి అతుకులతో కష్టం, రోగికి నష్టం.

పరీక్ష అయ్యాక

రికవరీ బెడ్ దగ్గరికి జూనియర్ స్వయంగా వెళ్లాలి. గాలి పోయాక కూడా తగ్గని నొప్పి, గట్టిపడిన కడుపు, పెరుగుతున్న నాడి, జ్వరం ఉంటే ఇంటికి పంపొద్దు. నిలబెట్టి ఎక్స్‌రే, అనుమానం తీరకపోతే సీటీ, సర్జన్‌కి ఫోన్. ఎడమ భుజం నొప్పి అంటే ప్లీహానికి దెబ్బేమో గుర్తుకు రావాలి, అరుదే కానీ జరుగుతుంది. “గ్యాసే, తగ్గిపోతుంది” అనే మాట కడుపు మీద చేయి వేసి చూడకుండా అనకూడదు.

పాలిప్ తీసినవాళ్లకి రెండు వారాల దాకా రక్తం పడొచ్చని, పడితే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసివ్వండి. రాత్రి పూట ఏటి అవతల ఉండేవాళ్లని ఆ రాత్రికి ఊళ్లోనే ఆపండి. మత్తు తీసుకున్న రోజు బండి నడపకూడదని, తోడు వచ్చిన మనిషికి కూడా చెప్పాలి. మన కుర్రాళ్లు ఆసుపత్రి బయట అడుగుపెట్టగానే బైక్ తాళం తీస్తారు.

స్కోప్ కడగడం

ప్రతి జూనియర్ కొన్నాళ్లు టెక్నీషియన్ పక్కన నిలబడి స్కోప్ స్వయంగా కడగాలి. బయటికి తీసిన వెంటనే బల్ల దగ్గరే మొదటి తుడుపు, నీళ్లు పీల్చడం. లీక్ టెస్ట్. ఎంజైమ్ ద్రావణంలో బ్రష్ పట్టే ప్రతి దారీ తోమడం. తర్వాతే క్రిమిసంహారక ద్రావణం, తయారీదారు చెప్పినంత సేపు. మడ్డి మిగిలిన చోటికి ఏ ద్రావణమూ పూర్తిగా చేరదు. కాలవ నీళ్లు వచ్చే ట్యాంకు నుంచి ఆఖరి కడుగు కడగకూడదు, వడపోసిన నీళ్లే వాడాలి. వానాకాలంలో మన గాలిలో తేమ ఎక్కువ, దారుల్లో నీరు ఆరదు, అందులో క్రిములు పెరుగుతాయి. ఆల్కహాల్ పంపి, గాలి కొట్టి, నిలువుగా వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వాలి.

ఎప్పుడు వదలొచ్చు

ఎన్ని చేస్తే వచ్చినట్టు అని అందరూ అడుగుతారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం సగటున 275 కేసులు పట్టింది. బ్రిటన్‌లో 2023 నుంచి కనీసం 280 చేయాలి, దానితో పాటు ఎవరి చేయీ పడకుండా సీకమ్ చేరడం 90 శాతం ఉండాలి. యాభై చేసి వచ్చేసిందనుకునేవాళ్లకి ఈ అంకెలు చూపించండి. అంకె నిండినా, చివరి మూడు నెలల కేసుల్లో సీకమ్ ఫొటోలు, వెనక్కి వచ్చిన సమయం, బోస్టన్ స్కోరు, రోగికి కలిగిన నొప్పి, సమస్యలు అన్నీ ముందు పెట్టుకుని చూశాకే సంతకం పెట్టండి. పాలిప్‌లు కనిపెట్టే శాతం గురించి పాశ్చాత్య దేశాల ప్రమాణాలు అక్కడి జనం మీద కట్టినవి, వాళ్లలో జబ్బు లక్షణాలు లేకుండా ముందు జాగ్రత్తగా పరీక్షకి వచ్చేవాళ్లు చాలామంది. మన దగ్గరికి ఎక్కువమంది రక్తం పడుతోందనో, బరువు తగ్గుతున్నామనో వస్తారు. కాబట్టి ఆ అంకెని యథాతథంగా జూనియర్ నెత్తిన పెట్టకండి, కానీ లెక్క మాత్రం రాయించండి.

లాగ్‌బుక్‌లో “సహాయం లేకుండా” అన్న గడిలో టిక్ పెట్టేది మీరు, జూనియర్ కాదు. సిగ్మాయిడ్ దగ్గర రెండు నిమిషాలు మీరు పట్టుకున్నా అది సహాయమే.

సంతకం పెట్టాక మొదటి లిస్టులు చిన్నవి ఇవ్వండి. ఉదయం పూట, మీరు అదే భవనంలో ఉన్నప్పుడు, నాలుగుకి మించకుండా. కష్టమైన కేసులు పక్కకి పెట్టించండి. మూడు నెలలయ్యాక లాగ్‌బుక్ మళ్లీ తెప్పించుకుని అవే లెక్కలు చూడండి. సీకమ్ చేరడం తగ్గినా, వెనక్కి వచ్చే సమయం తగ్గినా మళ్లీ పక్కన నిలబడాల్సిన రోజులు వచ్చినట్టే, ఆ సంగతి సంతకం పెట్టే రోజునే అతనికి చెప్పి ఉంచండి.